ఆగ్రహంతో వడ్డించిన పూరీ

ముందే ఒప్పేసుకుంటే తర్వాత గొడవ ఉండదు. నేను కోతలు కోస్తాను. మా పెరట్లో కాసిన సొరకాయను దించడానికి నలుగురు మనుషులూ ఒక నిచ్చెనా కావలసి వచ్చాయని అనకాపల్లి అంతా చెప్పుకు తిరిగింది నేనే. కాసింది దొండపాదు. కరెంటాఫీసులో నా పక్క సీటు ఆయన నేను ఏం చెప్పినా ముందు ఫ్యాను కట్టేస్తాడు, గాలి ఎక్కువైపోతుందని.

మా అక్క కూతురు మాధురి దీనికో పద్ధతి కనిపెట్టింది. ఏడో తరగతి నుంచి ఇంటర్ దాకా అది మా ఇంట్లోనే ఉండి చదువుకుంది. నేను భోజనాల దగ్గర కూర్చుని, "ఇవాళ బిల్లు కౌంటర్ దగ్గర వెయ్యి మంది" అని మొదలుపెడితే, అన్నం కలుపుతూనే, "తగ్గించు మామయ్యా" అనేది. "సరే, రెండొందలు." "ఇంకా తగ్గించు." అలా బేరమాడి పన్నెండు మంది దగ్గర ఖాయం చేసుకుని, అప్పుడు పడీ పడీ నవ్వేది. నా కోతలకు అంత నిజాయితీగా నవ్విన మనిషి మళ్ళీ దొరకలేదు. మా ఆవిడ కూడా నవ్వుతుంది గానీ, అది వేరే రకం నవ్వు.

కాబట్టి ఈ ఢిల్లీ ప్రయాణంలో జనం, సామాను, పూరీల వైశాల్యం అన్నీ పెంచే రాశాను. ఎవరి ఓపికను బట్టి వాళ్ళు తగ్గించుకోండి. అయితే పెంచడం వేరు, కల్పించడం వేరు. నేను పూర్తిగా కల్పించింది ఇందులో ఒక్కటే ఉంది. అదేదో చివర్లో చెప్తాను.

బయల్దేరే ముందు

మాధురి సీఏ చదవడానికి ఢిల్లీ వెళ్ళి, చదువయ్యాక అక్కడే ఉద్యోగంలో చేరింది. కోచింగులో తనతో చదివిన నిశాంత్ అనే కుర్రాణ్ణి చేసుకుంటానంది. వాళ్ళది హిందీ కుటుంబం, ఇల్లు వసంత్ కుంజ్. అబ్బాయి తల్లిదండ్రులు మమ్మల్ని భోజనానికి పిలిచారు.

మా బావ బెల్లం వ్యాపారి. మోకాలికి ఆపరేషనై మంచంలో ఉన్నాడు. నన్ను పిలిపించి, కాలు దిండు మీద పెట్టుకుని, తీర్పు చెప్పినట్టు చెప్పాడు.

"ఒరే ప్రసాదూ, సంబంధం ఫోన్లో తేలదు. మనిషి వెళ్ళాలి, వాళ్ళింట్లో తినాలి, మొహాలు చూడాలి. నేను కదల్లేను, నన్ను వదిలి మీ అక్క కదల్లేదు. నువ్వెళ్ళు. నువ్వు అవునంటే అవును, కాదంటే కాదు. ఈ ఒక్కసారికి మాత్రం ఉన్నది ఉన్నట్టు చెప్పు."

"హిందీ రాదుగా వాడికి" అంది అక్క.

"ఎందుకు రాదు" అన్నాను. "ఇంటర్లో సంస్కృతం తీసుకున్నాను. తొంభై దాటాయి మార్కులు. హిందీ అంటే సగం సంస్కృతమేగా."

ఆ మార్కులకూ సంస్కృతానికీ ఉన్న సంబంధం ఏపాటిదో ఇంటర్ చదివిన తెలుగువాళ్ళకు నేను చెప్పక్కర్లేదు.

మాధురి ఫోన్లో విని నవ్వలేదు, భయపడింది. "సంస్కృతాన్ని నమ్ముకోకు మామయ్యా. కారణాన్ని నమ్ముకో. మాట తెలియకపోతే దానికి ముందు ఏం జరిగింది, తర్వాత ఏం జరిగింది, అది చూడు. రెండు మాటలు నేర్పుతాను. క్యోంకి, అంటే ఎందుకంటే. ఇస్‌లియే, అంటే అందుకని. ఈ రెండింటికీ అటూ ఇటూ ఉన్నది పట్టుకుంటే మధ్యలో మాట అదే తెలుస్తుంది. వాళ్ళింట్లో నీ పక్కన నేను కూర్చుని చెప్తాలే."

"దుబాసీ అక్కర్లేదు" అన్నాను. "పెద్దమనిషి పక్కన మేనకోడలు కూర్చుని అర్థాలు చెప్తుంటే సంబంధం మాట్లాడినట్టుండదు, ట్యూషన్ చెప్పించుకున్నట్టుంటుంది."

ఆ పంతం ఖరీదెంతో అప్పటికి తెలియదు.

రైల్లో

భోపాల్‌లో ఒకావిడ ఎక్కింది. ఆవిడ సామాను దించితే ఒక గ్రామం వెలుస్తుంది. మా సీటు ముందు నిలబడి, "థోడా ఖిసకియే, భాయీసాబ్" అంది. నాకు అర్థం కాలేదు. కానీ మా బెంచీ మీద ఉన్నవాళ్ళందరూ కిటికీ వైపుకు జరిగారు, ఆవిడ కూర్చుంది. ముందు: చోటు లేదు. తర్వాత: చోటుంది. మధ్యలో ఉన్న మాటకు జరగమని తప్ప ఇంకో అర్థం ఉండడానికి వీల్లేదు.

ఆనందం పట్టలేక ఆ మాటను మధుర దాకా వాడాను. దుప్పటి నా మొహం మీద వేలాడేసిన పైబెర్తు ఆయన్ని ఖిసకియే అన్నాను. తలుపు దగ్గర అడ్డంగా నిలబడ్డ టీ కుర్రాణ్ణి అన్నాను. టికెట్లు చూసే ఆయన్ని కూడా అన్నాను. ఆయన కాస్త ఆశ్చర్యపోయి, జరిగాడు.

ఆ తల్లి నా పాండిత్యానికి మెచ్చి డబ్బా తీసింది. అందులో మఠ్రీలున్నాయి. మన చెక్కల్లాగే ఉంటాయి గానీ ఇంకా మందం, వాము ఘాటు. ఒకటి కొరికితే పక్క బోగీలో కూడా వినిపించింది. పక్కన మామిడికాయ ఊరగాయ పెట్టింది. సోంపు వేసిన ఊరగాయ. మన ఆవకాయ దాన్ని చూస్తే పాపం చిన్నపిల్ల అని దగ్గరికి తీసుకుంటుంది.

లక్ష్మీ నగర్

మాధురి ఉండేది ఆడపిల్లల పీజీ. అందుకని ఎదుటి సందులో ఒక పంజాబీ ఆంటీ నడిపే గదుల్లో నాకు ఒకటి మాట్లాడిపెట్టింది. ఆ సందులో తలెత్తితే ఆకాశం కనపడదు, ర్యాంకర్లు కనపడతారు. కోచింగ్ సెంటర్ల బోర్డుల మీద లక్ష మంది కుర్రాళ్ళు నవ్వుతుంటారు. కింద వాళ్ళలాగా నవ్వడానికి ఇంకో లక్ష మంది పుస్తకాల సంచులతో నడుస్తుంటారు. సందు వెడల్పు ఎంతంటే, ఎదురుగా లావాటి మనిషి వస్తే ఇద్దరిలో ఒకరు కోర్సు మార్చుకోవాలి.

మూడో అంతస్తులో స్నానానికి దిగాను. తల నిండా సబ్బు పెట్టుకున్నాక కుళాయి ఒక దగ్గు దగ్గి ఆగిపోయింది. కింద నుంచి ఆంటీ గొంతు వచ్చింది. "పానీ నహీ ఆయేగా, క్యోంకి మోటర్ ఫుంక్ గయీ."

కళ్ళు మూసుకుని, ఒంటి మీద తువ్వాలు ఒక్కటే ఉన్న స్థితిలో, నేను వ్యాకరణం చేశాను. క్యోంకి వచ్చింది. అంటే వెనకాల కారణం ఉంది. మోటారు ఏదో అయింది. ఏమైంది? కిటికీలోంచి కాలిన రబ్బరు వాసన వచ్చింది. కరెంటాఫీసులో పనిచేసినవాడికి ఆ వాసన అత్తరులాంటిది, ఎక్కడున్నా గుర్తుపడతాడు. మోటారు కాలిపోయింది. ఫుంక్ గయీ.

"ఆంటీజీ, వైండింగ్" అని అరిచాను.

"హా అంకల్‌జీ, వైండింగ్" అని ఆవిడ దుఃఖంతో ఒప్పుకుంది.

ఆవిడ నాకన్నా పదేళ్ళు పెద్ద. అయినా నన్ను అంకల్‌జీ అంది. ఢిల్లీలో వరసలకు వయసుతో పని లేదు. మన దగ్గర బాబాయా, మామయ్యా, అన్నయ్యా అని తేల్చుకోవడానికి అరగంట పడుతుంది, ఇక్కడ రెండు మాటలతో నగరం నడిచిపోతుంది. నెరిసిన గడ్డం ఉన్న కూరగాయలాయన కూడా నన్ను అంకల్‌జీ అని, అడగకుండానే కొత్తిమీర కట్ట వేశాడు. గదిలో పొయ్యి లేదు. సబ్బు తలకు తువ్వాలు చుట్టుకుని, ఆ కట్ట పట్టుకుని సాయంత్రం దాకా తిరిగాను.

మాధురి ఆఫీసు నుంచి వచ్చి మినరల్ వాటర్ సీసాలతో నా తల కడిగించింది. "నలభై సీసాలు పట్టాయే" అన్నాను.

"తగ్గించు."

"నాలుగు."

"మూడు. నేనే కొన్నాను."

తర్వాత బండి దగ్గర ఛోలే కుల్చే తిన్నాం. ఉడికిన బఠాణీలు, మెత్తటి రొట్టె, ఉల్లిపాయా నిమ్మకాయా ఊరికే. మా ఊళ్ళో పెసరట్టు ధరే. అల్లప్పచ్చడి ఏదని అడిగితే బండాయన నన్ను జాలిగా చూశాడు.

టీ తాగుతూ మాధురి నెమ్మదిగా అంది. "మామయ్యా, నాన్న ఒకసారి కాదంటే మళ్ళీ మాట తిప్పడు. నీకు తెలుసు. నేను ఎదిరించలేను, నిశాంత్‌ని వద్దనుకోలేను. నువ్వు రేపు వాళ్ళ ఇంట్లో నుంచి ఫోన్ చేసి ఏం చెప్తావో అదే నా జీవితం."

"కొంచెం పెంచావు" అన్నాను.

"లేదు" అంది. "ఇది తగ్గించిందే."

ఆటోలో

మర్నాడు ఆదివారం. మెట్రోలో సగం ఢిల్లీ భూమి కింద దాటి, మిగతాది ఆటో ఎక్కాం. వసంత్ కుంజ్ రోడ్డు మలుపు దగ్గర ఆటో ఆగింది. డ్రైవరు వెనక్కి తిరిగి, "యహీ ఛోడ్ దూంగా, క్యోంకి ఆగే జామ్ హై" అన్నాడు.

ముందు జామ ఉందంటున్నాడని, జామకాయల బండి కోసం మెడ చాచాను. కనపడింది మాత్రం కారు వెనక కారు, హిమాలయాల దాకా. అప్పుడర్థమైంది, ఇది మన ట్రాఫిక్ జామే. అతను ఇంజను ఆపి, రోడ్డు పక్క చూపించి, మేం దిగేదాకా చూశాడు. ముందు జామ్, తర్వాత మేం నేల మీద. ఛోడ్ అంటే వదిలెయ్యడం. మాధురి నోరు తెరిచేలోపే అర్థం చెప్పేశాను.

"బాగా నేర్చావు మామయ్యా" అంది. నా ఛాతీ ఆటోలో పట్టనంత అయింది. దిగి ఉన్నాను కాబట్టి సరిపోయింది.

వసంత్ కుంజ్

నిశాంత్ వాళ్ళ నాన్న తివారీ గారు రిటైరైన హిందీ మాస్టారు. ఆరడుగుల మనిషి, తెల్లటి కుర్తా, వార్తలు చదివేవాళ్ళ గొంతు. "ఆప్‌కీ యాత్రా సుఖద్ రహీ?" అన్నారు.

యాత్ర, సుఖం. మొత్తం అర్థమైంది. ఇంటర్ మార్కులు ఇన్నేళ్ళకు నాకు జీతమిచ్చాయి. నేను మాధురి వైపు ఒక చూపు చూశాను, దుబాసీ ఎందుకే అన్నట్టు. అది వంటింట్లోకి, నిశాంత్ వాళ్ళమ్మకు పూరీలు వత్తిపెట్టడానికి వెళ్ళిపోయింది. నిశాంత్‌ని పెరుగు కోసం బజారుకు పంపారు. పొడుగ్గా, మర్యాదగా ఉన్నాడు. వెళ్తూ నా కాళ్ళకు దండం పెట్టాడు. మన వైపు అది పండగలకీ పెళ్ళిళ్ళకీ చేస్తారు, వాళ్ళు పెరుగుకు వెళ్తూ కూడా చేస్తారు.

నాకు తర్వాత తెలిసిన విషయం ఇక్కడే చెప్పాలి. ఆంధ్రా నుంచి వచ్చే మామయ్యకు హిందీ రాదు గానీ సంస్కృతం వచ్చని నిశాంత్ ఇంట్లో చెప్పాడట. ఆ మహానుభావుడు నా మీద దయతో, తన హిందీలోంచి ఉర్దూ మాటలన్నీ ఏరేసి, సంస్కృతం మాటలు పేర్చుకుని సిద్ధంగా కూర్చున్నారు. మామూలు హిందీ మాట్లాడి ఉంటే నేను ముందూ వెనకా చూసుకుని బతికిపోయేవాణ్ణి. నా కోసం కష్టపడి నన్ను ముంచారు.

మొదట బావ పంపిన బెల్లం దిమ్మ ఇచ్చాను. చిన్న ముక్క నోట్లో వేసుకుని, కళ్ళు మూసి, "గుడ్" అన్నారు.

"వెరీ గుడ్" అన్నాను.

"బఢియా గుడ్" అన్నారు. ఇంగ్లీషు కూడా కలుపుతున్నారే అనుకున్నాను. బెల్లాన్ని వాళ్ళు గుడ్ అంటారని మాధురి సాయంత్రం చెప్పింది. అంతదాకా మేమిద్దరం ఒకరినొకరం మెచ్చుకుంటూనే ఉన్నాం.

తర్వాత ఆయన ఆప్యాయంగా ముందుకు వంగి అడిగారు. "బిటియా కీ శిక్షా ఆప్‌కే ఘర్ మే హుయీ?"

అమ్మాయికి శిక్ష మీ ఇంట్లో జరిగిందా. నేను అదిరిపడ్డాను. ఆ పిల్ల మీద నేను చెయ్యెత్తిన పాపాన పోలేదు. "నహీ, నహీ. కభీ నహీ" అన్నాను.

ఆయన మొహం ముడుచుకుంది. "అచ్ఛా? మేరా అనుమాన్ థా..." అని ఆగిపోయారు.

అనుమానం కూడా ఉంది మనిషికి. నా లోపల ఆంధ్రా సెగ రాజుకుంది. ఆడపిల్లను కొట్టి పెంచామని ఎవరు చెప్పారు ఈయనకు?

ఆయన గొంతు సవరించుకుని, చేతులు ఒళ్ళో పెట్టుకుని, ఇదివరకు లేని గంభీరంతో అన్నారు. "మేరా ఏక్ హీ ఆగ్రహ్ హై. బిటియా ఇస్ ఘర్ మే తెలుగు న ఛోడే. క్యోంకి..."

ఆగ్రహం. ఇల్లు. తెలుగు. ఛోడే అంటే వదలడం, దాన్ని నేనే స్వయంగా ఆటోలో సంపాదించుకున్నాను. న, అంటే కాదు. అన్నీ కలిపితే: ఈ పిల్ల మా ఇంట్లో తెలుగు వదలడం లేదు, నాకు ఒళ్ళు మండిపోతోంది.

క్యోంకి తర్వాత ఆయన ఇంకా ఏదో చెప్పబోయారు. మాధురి నాకు నేర్పిన రెండు మాటల్లో మొదటిదే అది. నేను దాని దగ్గరికొచ్చి, దాని తర్వాతది వినకుండా, ఫోన్ చూపించి బాల్కనీలోకి వెళ్ళిపోయాను.

బాల్కనీ

"బావా, వీళ్ళింట్లో తెలుగు మాట్లాడకూడదట. ఆయన ఆగ్రహంతో ఊగిపోతున్నాడు."

"తగ్గించి చెప్పు" అన్నాడు బావ.

"ఊగడం తీసెయ్. ఆగ్రహం మాత్రం ఆయన నోటి మాటే."

వెనకాల అక్క, ఏమంటున్నాడు, ఏమంటున్నాడు అంటోంది. బావ ఆవిడకు చెప్పలేదు. బెల్లం బుట్టలో పురుగు కనపడ్డప్పుడు ఆయన గొంతు ఎలా ఉంటుందో అలా అన్నాడు. "సరే. భోజనం చెయ్యి. అన్నం దగ్గర గొడవ పెట్టుకోకు. నమస్కారం చెప్పి, దాన్ని తీసుకుని వచ్చెయ్."

లోపలికి వస్తుంటే వంటింటి గుమ్మంలో మాధురి నిలబడి ఉంది. చెంప మీద గోధుమపిండి, చేతిలో అప్పడాల కర్ర. నా మొహం చూసి దాని మొహం పాలిపోయింది.

"ఎలా ఉంది మామయ్యా?"

వెనకాలే నిశాంత్ వాళ్ళమ్మ ఉంది. ఏం చెప్పను? "పూరీలు బాగున్నాయి" అన్నాను.

"ఇంకా వడ్డించనే లేదు" అంది.

అప్పుడే, ఇదిగో ఈ మాటకు అర్థం ఏమిటే అని ఒక్కటి అడిగి ఉంటే అయిపోయేది. దుబాసీ వద్దన్న నోరు దుబాసీని పిలవడానికి ఒప్పుకోలేదు.

నాలుగో పూరీ

ఒక్కొక్క పూరీ మా ఇంటి పెద్ద పళ్ళెమంత ఉంది. ఆలూ కూర, గుమ్మడికాయ తీపికూర, ఊరబెట్టిన లావాటి పచ్చిమిరపకాయలు. అన్నం కనుచూపు మేరలో లేదు. నేను తలవంచుకుని, వీడ్కోలు మాటలు లోపల పేర్చుకుంటూ తింటున్నాను.

నిశాంత్ పెరుగుతో వచ్చాడు. నా ముందు గిన్నె పెట్టి, చాలా సార్లు బట్టీపట్టినట్టు అన్నాడు. "మామయ్యగారూ, పెరుగు."

నేను వెంటనే తివారీ గారి వైపు చూశాను, ఇప్పుడు ఎలా మండిపడతారో అని. ఆయన మొహం వెలిగిపోతోంది. "పె-రు-గు" అని కూడబలుక్కున్నారు. "దహీ పెరుగు. పెరుగు." ఒకటో తరగతి పిల్లాడిలా మళ్ళీ అన్నారు.

ఇది నాకు మింగుడుపడలేదు. కారణం: తెలుగంటే ఒళ్ళుమంట. ఫలితం: తెలుగు మాట విని మురిసిపోవడం. మధ్యలో ఎక్కడో మోటారు కాలింది.

ఆయన పూరీ పట్టుకొచ్చారు. మూడయ్యాయి, చాలని పళ్ళెం మీద చెయ్యి అడ్డం పెట్టాను. ఆయన నా చెయ్యి పక్కకు తీసి, చిరునవ్వుతో, తల ఒకవైపుకు వాల్చి అన్నారు. "ఏక్ ఔర్. మేరా ఆగ్రహ్ హై."

పూరీ పడింది.

వాళ్ళావిడ వంటింట్లోంచి నవ్వుతూ అంది. "ఇన్‌కే ఆగ్రహ్ సే కోయీ నహీ బచ్తా." ఈయన ఆగ్రహం నుంచి ఎవరూ తప్పించుకోలేరట.

ఇంత తియ్యటి ఆగ్రహాన్ని నేను జన్మలో చూడలేదు. ఆ వేడి పూరీని చూస్తూ కూర్చున్నాను. ముందు ఏం జరిగింది? నేను వద్దన్నాను. తర్వాత ఏం జరిగింది? అయినా పడింది. వద్దన్నదానికీ పడ్డదానికీ మధ్య ఏముంటుంది మన ఇళ్ళల్లో? "ఇంకొక్కటి వేసుకో నాయనా" ఉంటుంది. కొసరడం ఉంటుంది. కోపం ఎక్కడా లేదు. అది నేను అనకాపల్లి నుంచి సంచిలో వేసుకొచ్చుకున్నది.

ఆలోచిస్తే, ఈ ప్రయాణంలో నాకు తెలియని మాట ఒక్కటీ మోసం చెయ్యలేదు. ఖిసకియే చోటిచ్చింది, ఫుంక్ గయీ నిజం చెప్పింది. నన్ను ముంచినవన్నీ నాకు తెలిసిన మాటలే. తెలియనిదైతే ముందూ వెనకా చూసుకున్నాను. తెలిసిందనుకున్నదాన్ని తలుపు తీసి లోపల కూర్చోబెట్టాను.

ఆగ్రహం తీసేసి కొసరు పెట్టి ఆ వాక్యాన్ని మళ్ళీ చదువుకున్నాను. నేను ఒక్కటే కొసరి అడుగుతున్నాను. అమ్మాయి ఈ ఇంట్లో తెలుగు వదలకూడదు.

అయినా ఒకసారి దెబ్బతిన్నవాణ్ణి. రూఢి చేసుకోవాలి. పూరీ కింద పెట్టి, ఆయన కళ్ళలోకి చూసి, నాకున్న హిందీ అంతా కూడగట్టి అడిగాను. "తివారీజీ, క్యోంకి?"

ఆయనకు వెంటనే తెలిసింది, నేను ఏ వాక్యం దగ్గర లేచిపోయానో. కుర్చీ లాక్కుని నా ఎదురుగా కూర్చున్నారు. ఈసారి సంస్కృతం మానేసి మామూలు హిందీలో, మధ్య మధ్య చేతులతో చెప్పారు. ఆయన తల్లి భోజ్‌పురీ మనిషి. ఆ భాషలోనే హాస్యాలాడేది. ఈయన ఢిల్లీ వచ్చి, మాస్టారై, కొడుకుతో హిందీ తప్ప మాట్లాడలేదు. "హమ్‌నే భోజ్‌పురీ ఛోడ్ దీ. ఇస్‌లియే..."

ఇస్‌లియే దగ్గర ఆగారు. నేను కదలకుండా కూర్చున్నాను.

ఇస్‌లియే, ముసలావిడ ఏదో అని నవ్వినప్పుడల్లా పిల్లాడు తండ్రి చొక్కా పట్టుకుని అడిగేవాడట. "దాదీ క్యో హసీ?" నానమ్మ ఎందుకు నవ్వింది? ఈయన హిందీలో చెప్పేవారు. అప్పటికి ఆ హాస్యం చచ్చిపోయేది. పిల్లాడు నవ్వేవాడు కాదు. కొన్నాళ్ళకు ఆవిడ హాస్యాలాడ్డం మానేసింది.

నిశాంత్ తలొంచుకుని పెరుగు గిన్నె తిప్పుతున్నాడు. మాధురి గుమ్మంలోకి వచ్చింది. "చెప్పనా మామయ్యా, ఆయన ఏమన్నారో?"

"వద్దు. అర్థమైంది" అన్నాను.

రేపు దీనికి పిల్లలు పుడతారు. నేను ఢిల్లీ వచ్చి కూర్చుని, వెయ్యి మంది అంటాను. తగ్గించు అనడానికి ఎవరో ఒకరుండాలి కదా. ఆ ఆలోచనతో నేను చూసుకోకుండా పచ్చిమిరపకాయ మొత్తం కొరికేశాను. అంత కారం ఆంధ్రాలో కూడా పుట్టలేదు. కళ్ళల్లోంచి నీళ్ళు ధారలుగా కారాయి. గుంటూరు నుంచి మిరపకాయలు వచ్చి దానికి దండం పెట్టుకుని వెళ్ళాలి. నిశాంత్ వాళ్ళమ్మ కంగారుపడి బెల్లం ముక్క నోట్లో పెట్టింది.

తేరుకున్నాక, ఆగ్రహం కోపం కానట్టే శిక్ష కూడా దెబ్బలు కాదు, చదువై ఉండాలని తోచి, ఇంకో లెక్క కూడా సరిచేశాను. "శిక్షా హా. మేరే ఘర్ మే. సెవెన్త్ టు ఇంటర్" అన్నాను. ఆయన ఊపిరి పీల్చుకున్నారు. పాపం, అప్పటిదాకా తన అంచనా తప్పిందనుకున్నారు; అంచనానే వాళ్ళు అనుమాన్ అంటారు.

మళ్ళీ బాల్కనీ

"బావా, ఆయన కోప్పడలేదు. కొసరాడు."

"ఇందాక ఆగ్రహం ఆయన నోటి మాటే అన్నావు."

"నోరు ఆయనదే, అర్థం నాది. అమ్మాయి తెలుగు వదలకూడదని అడుగుతున్నాడు. అదొక్కటే ఆయన కోరిక."

"ఒరే, ఇందాక ఒకటి, ఇప్పుడు ఒకటి. నీ మాట మీద కూతుర్ని ఎలా ఇవ్వను? ఎంత తగ్గించుకోమంటావు?"

"ఈసారి తగ్గింపు లేదు బావా. ఒకటే రేటు."

నమ్మలేదు. నమ్మేలా నేను జీవితంలో ఎప్పుడూ ప్రవర్తించలేదు. మాధురి నా పక్కన రెయిలింగ్ పట్టుకుని నిలబడింది. దాని వేళ్ళకు అంటిన పిండి ఎండి రాలుతోంది.

చివరికి బావ అడిగాడు. "పూరీలు పెట్టారా?"

"పెట్టారు."

"ఎన్ని తిన్నావు?"

"నలభై."

"తగ్గించు."

"నాలుగు."

అవతల మంచం కిర్రుమంది. లేచి కూర్చున్నట్టున్నాడు. "అక్కడ నీకు అవమానం జరిగి ఉంటే మంచినీళ్ళు ముట్టవు. నిన్ను నాకు తెలియదా. నాలుగోది తిన్నావంటే ఆ మనిషి మంచివాడే. ఫోను ఆయనకివ్వు."

ఒక్క హిందీ ముక్క రాని బావా, పెరుగు తప్ప తెలుగు రాని తివారీ గారూ ఏం మాట్లాడుకుంటారని చూస్తున్నాను. బావ అటునుంచి గట్టిగా, బెల్లం ఎలా ఉందండీ అన్నాడు. ఆయనకు బెల్లం అన్న మాట ఎలా తెలిసిందో గానీ, పట్టుకున్నారు. "గుడ్. బహుత్ అచ్ఛా గుడ్" అన్నారు.

ఫోను నాకు తిరిగొచ్చింది. "బాగుందంటున్నాడ్రా" అన్నాడు బావ. గొంతు మెత్తబడింది. "ముహూర్తం చూపిస్తానని చెప్పు."

మాధురికి చెప్పక్కర్లేకపోయింది. ముందూ వెనకా చూసి, మధ్యలో మాట అదే కట్టేసుకుంది.

ఇంటికొచ్చాక

ఇక మాట నిలబెట్టుకోవాలి. భోపాల్ ఆవిడ సామాను మూడు సంచులు. లక్ష్మీ నగర్ సందులో ఇద్దరు సుఖంగా నడవచ్చు. కార్ల వరస హిమాలయాల దాకా లేదు, సిగ్నల్ దాకా ఉంది. పూరీలు పూరీలంతే ఉన్నాయి. నాలుగు మాత్రం నాలుగే.

ఇవన్నీ పెంచినవి. పూర్తిగా కల్పించింది ఒక్కటే అన్నాను కదా. తివారీ గారు వాళ్ళమ్మ సంగతి చెప్పారు, మాధురి గుమ్మంలో నిలబడి ఉంది, నా కళ్ళల్లోంచి నీళ్ళొచ్చాయి. అదంతా జరిగింది. ముందు ఏముందో, తర్వాత ఏముందో మీరు చూశారు, మధ్యలో మాట మీరే కట్టుకోండి.

ఆ మిరపకాయలో కారం లేదు.